‘నెత్సుజో ట్రాప్’ చూడాలా, మరొకటి ఎంచుకోవాలా: స్నేహితురాళ్ల చాటు ప్రేమను చెప్పిన యానిమేల పోలిక

ఇద్దరు అమ్మాయిలు చిన్ననాటి నుంచీ స్నేహితులు. ఇద్దరికీ బాయ్‌ఫ్రెండ్‌లున్నారు. ఆ అబ్బాయిలకు తెలియకుండా వీరిద్దరూ ఒకరికొకరు దగ్గరవుతారు. 2017 జులై నుంచి సెప్టెంబరు వరకు జపాన్‌లో ప్రసారమైన ‘నెత్సుజో ట్రాప్’ యానిమే (జపనీస్ యానిమేషన్ సీరియల్) కథ ఇదే. స్నేహం, ప్రేమ, నమ్మకద్రోహం ఒకే ముడిలో చిక్కుకున్న ఈ ఇతివృత్తంలో మంచి కథకు కావలసిన బలమంతా ఉంది. అయినా పన్నెండు ఎపిసోడ్‌లు ముగిసేసరికి ప్రేక్షకుడికి మిగిలేది అసంతృప్తి మాత్రమే. ఇలాంటి కథ కోసమే వెతుకుతున్నవారు దీనిని చూడవచ్చునా, లేకపోతే ఎవరి అభిరుచికి ఏది తగినది అన్నది ఇక్కడ పోల్చి చెబుతున్నాను. ముగింపులను వీలైనంత వరకు దాచాను కాని, పోలికకు తప్పనిసరి అయిన చోట కొన్ని మలుపులు బయటపడతాయి.

యూమా ఒకజాకి, హోతారు మిజుషినా పక్కపక్క ఇళ్లలో పెరిగిన హైస్కూలు విద్యార్థినులు. యూమాకు తకేదా మొదటి బాయ్‌ఫ్రెండ్ కావడంతో అతనితో ఎలా మెలగాలో తెలియని బెరుకు ఆమెలో ఉంటుంది. హోతారు ఆ బెరుకును సాకుగా తీసుకుని, ఇదంతా అభ్యాసమేనంటూ స్నేహితురాలితో హద్దు దాటిన చనువు మొదలుపెడుతుంది. హోతారు ప్రియుడు ఫుజివారా కోపిష్ఠి, ఆమె మీద చేయి చేసుకునే రకం. అభ్యాసమన్న ముసుగు ఎంతకాలం నిలుస్తుంది, యూమా మనసులో ఉన్నది భయమా ప్రేమా, హోతారుకు నిజంగా కావలసిందేమిటి అన్న ప్రశ్నల మీద కథ నడుస్తుంది. దీనికి మూలం కొదామా నావోకో మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ. అది ‘కామిక్ యూరి హిమే’ పత్రికలో 2014లో మొదలై 2017లో ముగిసింది, ఆరు సంపుటాలుగా వెలువడింది.

నమ్మకద్రోహం గురించిన కథ ఏదైనా సరే, మోసపోయిన మనిషికి అందులో ఎంత చోటు దొరికిందన్నదే నా దృష్టిలో దాని విలువకు అసలైన కొలత. మోసం చేసేవారి ఉద్వేగం ఎంత తీవ్రంగా చూపినా, అవతల గాయపడుతున్న మనిషి మనకు తెలిసినవాడు కాకపోతే ఆ ఉద్వేగానికి బరువు రాదు. ‘నెత్సుజో ట్రాప్’ సరిగ్గా ఇక్కడే తేలిపోయింది. తకేదా మంచివాడు, ఓపిక ఉన్నవాడు. అతనికి ఏది ఇష్టం, యూమాను ఎందుకు ఇష్టపడ్డాడు, ఆమె దూరమవుతున్నట్టు తోచిన రాత్రి అతను ఏమనుకున్నాడు అన్న వాటిలో మనకు తెలిసేది చాలా తక్కువ. ఫుజివారా విషయంలో లోపం వేరు. అతణ్ణి అంత దుర్మార్గుడిగా నిలబెట్టాక అతణ్ణి మోసం చేయడం ఎవరికీ తప్పనిపించదు. ఒక అబ్బాయికి రూపం లేదు, ఇంకొకడి మీద మనకు జాలి లేదు. ఇక ఆ అమ్మాయిలు మోస్తున్నదని చెప్పే అపరాధభావం ఎక్కడి నుంచి రావాలి?

దీనికి తోడు నిడివి. ఒక్కొక్క ఎపిసోడ్ సుమారు తొమ్మిది నిమిషాలే, అందులోనే పాటల సమయం కూడా పోవాలి. క్రియేటర్స్ ఇన్ ప్యాక్ స్టూడియో ఈ కొద్ది నిమిషాలను వాడుకున్న పద్ధతి దాదాపు ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటుంది: ఇద్దరూ ఒంటరిగా దొరకడం, హోతారు ముందడుగు వేయడం, ఎవరో వస్తున్న అలికిడి, యూమా ముఖంలో కంగారు, అక్కడితో సమాప్తం. మన టీవీ సీరియళ్లలో తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అందరి ముఖాలనూ వరుసగా చూపించి రేపటికి వాయిదా వేసే అలవాటు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. పట్టుబడతారేమోనన్న భయం మొదటి రెండు మూడు ఎపిసోడ్‌లలో పనిచేస్తుంది. అదే భయాన్ని పదేపదే వాడితే, పట్టుబడితే ఏమవుతుందన్న అసలు ప్రశ్న వెనక్కి పోతుంది.

మరొక అభ్యంతరం ఇంకా ముఖ్యమైనది. హోతారు చొరవలో బలవంతం ఉంది. యూమా వద్దన్న చోట కూడా కథ ఆగదు. ఆ వద్దనడాన్ని సిగ్గుగా, లోపలి ఇష్టానికి పైపూతగా చూపడానికే మొగ్గుతుంది. హోతారు ప్రవర్తన వెనుక గాయం ఉన్నదని కథ చివర్లో చెప్పబోతుంది కాని, అప్పటికి అది కారణంగా కాక మినహాయింపుగా వినిపిస్తుంది. పాఠశాల వయసు పాత్రల మీద కెమెరా నిలిచే తీరు కూడా చాలా చోట్ల వారి మనసును చూడటానికి కాదు. ఈ విషయంలో పట్టింపు ఉన్నవారు, ఉండటం సమంజసమే కనుక, ఈ యానిమేను పక్కన పెట్టవచ్చు. వారు కోల్పోయేది ఏమీ లేదు.

అయినా యూమా, హోతారుల కథ తెలుసుకోవాలన్న కుతూహలం పోనివారు యానిమేను వదిలి మాంగా చదవడం మంచిది. ఇంగ్లీషులో సెవెన్ సీస్ సంస్థ ప్రచురించింది. యానిమే ప్రసారం మొదలైన నాటికి మాంగా ఇంకా నడుస్తూనే ఉంది కనుక తెర మీద అరకొరగా తోచిన సంగతులకు పుస్తకంలో ముగింపు దొరుకుతుంది. అంతకంటే పెద్ద ప్రయోజనం మరొకటుంది. కొదామా గీతలో ముఖకవళికలు చాలా చక్కగా పలుకుతాయి. పుట దగ్గర ఆగి యూమా కళ్లలోని తటపటాయింపును చూసే అవకాశం చదువరికి ఉంటుంది. బలవంతం గురించి పైన చెప్పిన అభ్యంతరం మాత్రం మాంగాకు కూడా వర్తిస్తుంది.

ఇక ప్రత్యామ్నాయాలు. ముందుగా ఏ రకం ద్రోహాన్ని చూడదలచుకున్నారో తేల్చుకోవాలి. స్నేహితురాలి కోసం ప్రియుణ్ణి మోసం చేయడం ఒకటి, ప్రియుడి కోసం స్నేహితురాలిని మోసం చేయడం వేరొకటి. ప్రేమించిన మనిషి తనను మరొకరికి బదులుగా వాడుకుంటున్నారని తెలిసీ ఆ బంధంలో కొనసాగడం మూడోది, బహుశా అన్నింటిలోకి బాధాకరమైనది. మొదటిది ‘నెత్సుజో ట్రాప్’ ఎంచుకున్నది. మిగిలిన రెండింటికీ విడివిడిగా మంచి యానిమేలు ఉన్నాయి.

మూడోదానికి ‘కుజు నో హొంకాయ్’ను మించినది నాకు కనిపించలేదు. ఇంగ్లీషులో దీనిని ‘స్కమ్స్ విష్’ అంటారు. యొకోయారి మెంగో మాంగా ఆధారంగా లెర్చే స్టూడియో తీసిన ఈ పన్నెండు ఎపిసోడ్‌లు కూడా 2017లోనే, జనవరి నుంచి మార్చి వరకు, ఫుజి టీవీ వారు రాత్రి వేళ యానిమేలు ప్రసారం చేసే నోయితామినా విభాగంలో వచ్చాయి. అంటే ‘నెత్సుజో ట్రాప్’ మొదలవడానికి కొద్ది నెలల ముందే ప్రేక్షకులకు దీనితో పరిచయమైంది. తరువాత వచ్చినదాని బలహీనతలు అంత స్పష్టంగా కనబడటానికి ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చని నా అనుమానం. హనాబి అనే అమ్మాయి తమ కుటుంబానికి చిరకాలంగా తెలిసిన, ఇప్పుడు తన బడిలోనే పాఠాలు చెబుతున్న కనాయ్‌ని ప్రేమిస్తుంది. ముగి అనే అబ్బాయి ఒకప్పుడు తనకు ఇంటి దగ్గర పాఠాలు చెప్పిన అకానెను ప్రేమిస్తాడు. కనాయ్ మనసు అకానె వైపు మళ్లిందని తెలిసిన ఈ ఇద్దరూ, తమకు దక్కని మనుషుల స్థానంలో ఒకరినొకరు ఉంచుకోవడానికి ఒప్పందం చేసుకుంటారు.

ఇక్కడ సాంకేతికంగా ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. షరతులు ఇద్దరికీ తెలుసు. అయినా ఈ కథలో జరిగే హాని ‘నెత్సుజో ట్రాప్’లోని రహస్యాలన్నింటికంటే పెద్దది. మన పోలికకు కీలకమైన పాత్ర హనాబి స్నేహితురాలు సనాయె ఎబాతో, అంటే ఎచ్చన్. ఆమెది స్నేహం కాదు, ప్రేమ. హనాబి ఆ ప్రేమను తిరిగి ఇవ్వలేదు. ఒంటరితనం భరించలేని వేళ దానిని తోసిపుచ్చనూ లేదు. తాను ఎవరికో బదులుగా వాడుకుంటున్న మనిషిగా హనాబి, తాను కేవలం బదులేనని తెలిసి కూడా వదులుకోలేని మనిషిగా ఎచ్చన్, వీరిద్దరి మధ్య స్నేహం నెమ్మదిగా చెడిపోవడాన్ని కథ తొందరపడకుండా చూపుతుంది. స్నేహితురాలి బలహీన క్షణాన్ని ఉపయోగించుకున్న తప్పు ఎచ్చన్‌ది కూడా. హోతారు చేసిన పనికీ ఎచ్చన్ చేసిన పనికీ పోలిక ఉంది కాని, ఎచ్చన్ తన తప్పును తానే పేరు పెట్టి పిలవగలదు, దాని ధర ఏమిటో కూడా ఆమెకు తెలుసు. నేను చెప్పిన కొలతకు ఈ యానిమే నిలబడేది ఇందుకే: గాయపడిన ప్రతి మనిషికీ తన మాట తాను చెప్పుకునే సమయం ఇచ్చారు.

తెరను మాంగా గళ్లలా విడగొట్టి, ఒక గడిలో ముఖాన్ని, పక్క గడిలో చేతిని, మరొక గడిలో పాత జ్ఞాపకాన్ని చూపే పద్ధతి ఇందులో కథకు బాగా అమరింది. ఒకరి పక్కన కూర్చుని మరొకరిని తలచుకోవడమే విషయమైనప్పుడు ఒకే తెర మీద రెండు గళ్లు ఉండటం అలంకారం కాదు. అయితే హెచ్చరిక కూడా అవసరం. ఇది ఉల్లాసాన్నిచ్చే యానిమే కాదు, శారీరక సాన్నిహిత్యం కూడా ఇందులో తరచుగా వస్తుంది. పెద్దలు మాత్రమే, అదీ మనసు స్థిమితంగా ఉన్నప్పుడు చూడవలసినది.

స్నేహితురాలిని మోసం చేయడమనే రెండో రకానికి ‘వైట్ ఆల్బమ్ 2’ ఉంది. సాటలైట్ స్టూడియో నిర్మించిన ఈ పదమూడు ఎపిసోడ్‌లు 2013 అక్టోబరు, డిసెంబరు నెలల మధ్య వచ్చాయి. దర్శకుడు మసావోమి ఆందో. ‘కుజు నో హొంకాయ్’ దర్శకుడు కూడా ఆయనే. రెండింటినీ వరుసగా చూస్తే, చెప్పని మాటను మౌనంలోనే వినిపించే నేర్పు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో అర్థమవుతుంది. బడి ఉత్సవం దగ్గరపడినా సంగీత బృందంలో మనుషులు మిగలని పరిస్థితిలో హరుకి గిటార్ వాయిస్తుంటే, పక్క గది నుంచి ఎవరిదో పియానో, మేడ మీద నుంచి ఎవరిదో పాట తోడవుతాయి. పాట సెత్సునాది, పియానో కజుసాది. ముగ్గురూ కలిసి వేదిక ఎక్కుతారు, స్నేహితులవుతారు. ఆ తరువాత సెత్సునా ముందుగా తన ప్రేమను హరుకితో చెబుతుంది. కజుసా కూడా అతణ్ణే ప్రేమిస్తున్న సంగతి ఆమెకు తెలియనిది కాదు.

ఈ కథకు బరువు వచ్చేది ఇక్కడే. హరుకి, కజుసాల చేతిలో మోసపోయేది సెత్సునా, కాని మొదటి అన్యాయం చేసిందీ ఆమే. ముగ్గురూ కలిసే ఉండాలన్న ఆమె కోరిక నిజమైనది, ఆ కోరిక కోసం ఆమె స్నేహితురాలి నోరు ముందే మూసివేసిందన్నదీ నిజమే. ఎవరి పక్షం వహించాలో తేల్చుకోలేక ప్రేక్షకుడు నలిగిపోతాడు. ప్రేమ ముక్కోణమంటే ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు ద్వేషించుకోవడమేనన్న పాత సూత్రానికి భిన్నంగా, వీరిద్దరి మధ్య ఆప్యాయత చివరిదాకా పోదు. నొప్పి అంతా ఆ ఆప్యాయత పోకపోవడం వల్లనే. ఒక లోటు మాత్రం చెప్పాలి. ఈ యానిమే లీఫ్ సంస్థ విజువల్ నవల్‌లో (బొమ్మలతో చదువుతూ సాగే కంప్యూటర్ గేమ్) 2010లో వచ్చిన తొలి భాగాన్ని మాత్రమే చెబుతుంది. కథ అక్కడితో ముగియదు, మిగిలిన భాగం యానిమేగా రాలేదు. ముడి విడిపోయిన ముగింపు కావాలనుకునేవారికి ఇది తృప్తినివ్వకపోవచ్చు. స్నేహితురాళ్ల మధ్య ప్రేమ కోసం వెతుకుతున్నవారికి కూడా ఇది కాదు. ఇందులో ఆ ఇద్దరి మధ్య ఉన్నది స్నేహమే.

అమ్మాయిల మధ్య ప్రేమ, అందులో ఒకరికి జరిగిన అన్యాయం, రెండూ కావాలి కాని ‘కుజు నో హొంకాయ్’ అంత చేదు భరించలేమనుకునేవారికి నా సలహా ‘అవోయి హనా’. షిమురా తకాకో మాంగా నుంచి జె.సి.స్టాఫ్ స్టూడియో 2009లో పదకొండు ఎపిసోడ్‌లుగా తీసింది. సముద్రానికి దగ్గరగా ఉన్న కమకురా పట్టణం, నీటిరంగుల్లో తేలినట్టుండే నేపథ్యాలు, గొంతు పెంచని సంభాషణలు దీని స్వభావం. ఫుమి అనే అమ్మాయిని ముందు ప్రేమించిన బంధువు చిజు పెళ్లి చేసుకుని వెళ్లిపోతుంది. తరువాత దగ్గరైన సీనియర్ యాసుకో, తనను కాదన్న ఒక మాస్టారిని మరచిపోవడానికి ఫుమిని ఆసరా చేసుకుంటుంది. ఇక్కడ గాయపడిన అమ్మాయే కథానాయిక. నిజం తెలిసినప్పుడు ఫుమి పెద్ద సన్నివేశమేదీ సృష్టించదు. ఏడుస్తుంది, కోపగించుకుంటుంది, చిన్ననాటి స్నేహితురాలు అకిరాకు చెప్పుకుంటుంది. ‘నెత్సుజో ట్రాప్’లోనూ ఉన్నది చిన్ననాటి స్నేహమే అయినా అక్కడ అది ఆయుధమైంది, ఇక్కడ ఆశ్రయమైంది. యానిమే మాంగాలోని కొంత భాగం దగ్గరే ఆగిపోయిందన్న లోటు దీనికీ ఉంది.

‘నెత్సుజో ట్రాప్’ పేరు వినగానే చాలామంది సూచించేది ‘సిట్రస్’. ‘కామిక్ యూరి హిమే’ పత్రికలోనే వచ్చిన సబురోతా మాంగాకు 2018 జనవరిలో వచ్చిన యానిమే ఇది. పూర్తి నిడివి ఎపిసోడ్‌లు, మెరుగైన బొమ్మ ఉన్నాయి కాని బలవంతపు చొరవ విషయంలో పైన చెప్పిన అభ్యంతరాలన్నీ దీనికీ వర్తిస్తాయి. నాటకీయత ఎక్కువైనా పరవాలేదనుకునేవారు చూడవచ్చు. దానికి నేరుగా వ్యతిరేక దిశలో ఉన్నది అదే ఏడాది అక్టోబరులో ట్రోయ్‌కా స్టూడియో నుంచి వచ్చిన ‘బ్లూమ్ ఇంటు యు’. ఇందులో ద్రోహమనేది లేదు. ఒకరి అంగీకారాన్ని అడగడం, వినడం, దానికి కట్టుబడటం ఇంత ఆసక్తిగా చూపవచ్చునా అనిపిస్తుంది. స్నేహితురాలిని మౌనంగా ప్రేమిస్తూ పక్కనే నిలబడే సయాకా పాత్ర ఒక్కటి చాలు, చెప్పని ప్రేమ ఎలా ఉంటుందో తెలియడానికి.

నిడివి తక్కువ కావడమే ‘నెత్సుజో ట్రాప్’ వైఫల్యానికి కారణమని సమర్థించేవారు ఉన్నారు. పన్నెండు ఎపిసోడ్‌లు కలిపితే సుమారు నూట ఎనిమిది నిమిషాలు. క్యోటో యానిమేషన్ సంస్థకు నావోకో యమదా 2018లో తీసిన ‘లిజ్ అండ్ ద బ్లూ బర్డ్’ చిత్రం తొంభై నిమిషాలే. ఓబో వాయించే మిజోరె, ఫ్లూట్ వాయించే నొజోమి అనే ఇద్దరు స్నేహితురాళ్లలో ఒకరికి రెండోవారే లోకం. రెండోవారికి మొదటివారి ప్రతిభ మీద అసూయ ఉంది, ఆ అసూయను వారు తమకు తాము కూడా ఒప్పుకోలేరు. కథ దాదాపు అంతా బడి గోడల మధ్యే జరుగుతుంది. నడకలో ముందువెనుకలు, జుట్టు చివర పట్టుకునే అలవాటు, వాద్యాల మధ్య కుదరని లయ ద్వారా చెప్పవలసిందంతా చెప్పారు. కనుక సమయం చాలలేదన్నది సరైన సాకు కాదు. ఉన్న సమయాన్ని ముక్కలు చేసి ప్రతి ముక్క చివరా ఒక ఉలికిపాటు పెట్టాలనుకోవడమే అసలు పొరపాటు. ప్రియుళ్లు, చాటు సంబంధాలు లేకపోయినా పరవాలేదు, స్నేహితురాళ్ల మధ్య అసమానమైన ప్రేమ కనిపిస్తే చాలుననుకునేవారికి ఒక్క సాయంత్రంలో పూర్తయ్యే ఎంపిక ఇదే.

కొదామా నావోకో మీద ‘నెత్సుజో ట్రాప్’తోనే ఒక అభిప్రాయానికి రాకూడదని కూడా చెప్పాలి. ఆ మాంగా ముగిశాక ఆవిడ ఒకే సంపుటంలో రాసిన మరొక కథ ఇంగ్లీషులో ‘ఐ మ్యారీడ్ మై బెస్ట్ ఫ్రెండ్ టు షట్ మై పేరెంట్స్ అప్’ పేరుతో వచ్చింది. పెళ్లి చేసుకోమని తల్లిదండ్రులు వేధిస్తుంటే తట్టుకోలేని ఉద్యోగిని మాచి, ఒకప్పుడు బడిలో తనకు జూనియర్ అయిన హనాతో బూటకపు వివాహం చేసుకుంటుంది. హనా గతంలో తన ప్రేమను చెప్పి కాదనిపించుకున్న మనిషి. ఇద్దరూ పెద్దవారు, సొంత సంపాదన ఉన్నవారు, ఒకరి హద్దులను ఒకరు గుర్తించినవారు. ఆదివారం ఉదయం ఫోను మోగగానే సంబంధం మాట ఎత్తుతారేమోనని జంకే తెలుగు అమ్మాయిలకు, హైదరాబాదులో ఉన్నా డాలస్‌లో ఉన్నా, మాచి విసుగు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. దీనికి యానిమే లేదు, అయినా ఈ పోలికలో దీనికి చోటివ్వక తప్పదనిపించింది.

ఎంచుకునే ముందు గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. వీటిని జపనీస్ ఆడియోతో, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూడటానికి సిద్ధపడాలి. ఏ యానిమే ఏ సంస్థ దగ్గర లభిస్తుందన్నది హక్కులను బట్టి మారుతుంటుంది కనుక, చందా కట్టే ముందే మీరున్న దేశంలో అది ఉందో లేదో వెతికి చూసుకోండి. ఇంట్లో పిల్లల మధ్య చూడదగినవి ‘లిజ్ అండ్ ద బ్లూ బర్డ్’, ‘బ్లూమ్ ఇంటు యు’. ‘కుజు నో హొంకాయ్’, ‘సిట్రస్’, ‘నెత్సుజో ట్రాప్’ అలాంటివి కావు. ఇంత చెప్పినా ‘నెత్సుజో ట్రాప్’తోనే మొదలుపెట్టాలనుకుంటే మూడు ఎపిసోడ్‌లు, అంటే అరగంట కంటే తక్కువ సమయం, చూసి ఆగండి. అప్పటికి తకేదా ఎలాంటి మనిషో తెలుసుకోవాలని మీకు అనిపిస్తుంటే యానిమేను అక్కడ వదిలి మాంగా మొదటి సంపుటం తెరవండి. అనిపించకపోతే ‘వైట్ ఆల్బమ్ 2’ మొదటి ఎపిసోడ్ పెట్టుకోండి.